భావి మొక్కలు

డ్రాగన్ ఫ్రూట్ మొక్కకు చలి వేస్తుందన్న సంగతి ప్రభుత్వానికి ఆ ఏడాది కార్తీకమాసంలో తెలిసింది. మోదుగుగూడ బాలికల ఆశ్రమ పాఠశాలలో పిల్లలకు చలి వేస్తుందన్న సంగతి అంతకు చాలా ముందే తెలుసు గానీ, ఆ తెలుసుకున్న శాఖ వేరు.

మోదుగుగూడ గుట్టల నడుమ, అడవి మధ్యనున్న ఊరు. దసరా దాటితే అక్కడ ఇగం మొదలవుతుంది. తెల్లారి బకెట్లో చెయ్యి పెడితే ఎముక దాకా జిల్లుమంటుంది. గడ్డి మీద పడ్డ మంచు ఎండెక్కేదాకా తెల్లగా, ఉప్పు చల్లినట్టు ఉంటుంది. ఆ హాస్టల్‌కు వార్డెను సిడాం సోంబాయి. చిన్నప్పుడు ఆమె కూడా అక్కడే, కిటికీకి రెక్క లేని మూలన ముడుచుకుని పడుకుని చదువుకుంది. వార్డెనుగా వచ్చాక ఆమె చేసిన మొదటి పని ఆ కిటికీకి రెక్క పెట్టించడం. రెండో పని, పిల్లలకు కంబళ్ళు కావాలని పైకి రాయడం. మొదటిది వడ్రంగి చెయ్యవలసిన పని గనుక అయిపోయింది.

ఇక డ్రాగన్ సంగతి. పైవాళ్ళలో ఒక పెద్దమనిషి సముద్రం అవతలి దేశానికి అధ్యయన యాత్రకు వెళ్ళి, అక్కడి హోటల్లో పొద్దుటి ఫలహారంతో పాటు గులాబీరంగు పండొకటి తిన్నాడు. తిని, దానికి రుచి లేదని గమనించాడు. రుచి లేకుండానే అంత ధర పలుకుతున్నదంటే అందులో ఏదో మహత్తు ఉండి తీరాలని నిశ్చయించాడు. ఆయన తిరిగొచ్చి విమానం దిగేసరికి ‘ఆవరణకో డ్రాగన్’ మిషన్ పుట్టి, బారసాలకు సిద్ధంగా ఉంది. పోలీసు ఠాణాలో, పశువుల దవాఖానాలో, తాసీల్దారు కచేరీలో, చివరకు శ్మశానం ప్రహరీ వెంబడి కూడా డ్రాగన్ మొక్కలు లేచాయి.

మోదుగుగూడ హాస్టల్లో అవి లేచిన చోటు పిల్లలు ఖోఖో ఆడుకునే మైదానం.

చూడబోతే ఆ మొక్క నాగజెముడుకు పట్నంలో చదువుకుని వచ్చిన చెల్లెలిలా ఉంటుంది. ఆకుల్లేవు, ఒళ్ళంతా ముళ్ళు, సొంతంగా నిలబడలేదు. పాకడానికి సిమెంటు స్తంభం కావాలి. మిగతా చోట్ల స్తంభానికి నాలుగేసి మొక్కలు నాటుతారట. మిషన్ మాత్రం మొక్కల ఆత్మగౌరవాన్ని దృష్టిలో పెట్టుకుని ఒక్కోదానికి ఒక్కో స్తంభం మంజూరు చేసింది. స్తంభాల గుత్తేదారు కూడా ఆత్మగౌరవం గల మనిషేనని తరువాత అందరికీ తెలిసింది.

ఈ పనులన్నీ జరిపించినది మండల డ్రాగన్ అధికారి గుండవరం దామోదర్. మిషన్‌లోకి రాకముందు ఆయన తూనికలు కొలతల శాఖలో ఉండేవాడు. మైదానంలో అరవై మొక్కలు నాటించి, గేటు పక్కన ‘రెండు వందల డ్రాగన్ మొక్కల వనం’ అని బోర్డు పెట్టించాడు.

సోంబాయి ఆ బోర్డును రెండుసార్లు చదువుకుంది. “సార్, మొక్కలు అరవయ్యే గద. గిట్ల రెండు వందలని రాసిన్రేంది?”

“అరవై ప్రస్తుత మొక్కలు మేడం. నూట నలభై భావి మొక్కలు.”

“అంటే?”

“భవిష్యత్తులో ఉండబోయేవి. మీ పిల్లల్ని భావి పౌరులని అనడం లేదా? ఎవరైనా వచ్చి, పౌరులెక్కడున్నారు చూపించమని అడుగుతున్నారా?”

సోంబాయి బోర్డును మూడోసారి చదువుకుంది. హాస్టల్లో పిల్లలు కూడా సరిగ్గా నూట నలభై మందే. కానీ అప్పుడు ఆ సంగతి ఆమెకు గాని, దామోదర్‌కు గాని తట్టలేదు.

*

లారీ వచ్చింది ఒక ఆదివారం పొద్దున. పిల్లలు ఎండపొడ పడే గోడవార కూర్చుని ఒకరి తల ఒకరు దువ్వుకుంటున్నారు. హమాలీలు మూటలు దించుతుంటే ఒక మూట పిగిలి, ఎర్రటి ఉన్ని కంబళి అంచు బయటికొచ్చింది. మూడో తరగతి లింగుబాయి పరుగున పోయి దాన్ని చెంపకు ఆనించుకుని చూసింది. ఆ తరువాత ఎవరూ చెప్పకుండానే నూట నలభై మంది తరగతుల వారీగా వరస కట్టారు. లెక్కల పీరియడ్‌లో కూడా అంత తిన్నగా ఎప్పుడూ నిలబడలేదు.

“వచ్చినయి బిడ్డా, ఆఖరికి వచ్చినయి” అంటూ సోంబాయి వంటావిడ పోశవ్వ భుజం పట్టుకుంది.

లారీ ముందు సీట్లోంచి దామోదర్ దిగాడు. “ఈ లైనెందుకు మేడం?”

“చెద్దర్లు పంచద్దా సార్?”

“పంచాలి. అటు” అని మైదానంలోని స్తంభాల వైపు చెయ్యి చూపించాడు.

తరువాత జేబులోంచి కాగితం తీసి, కళ్ళద్దాలు సర్దుకుని, నలుగురికీ వినబడేలా చదివాడు. శీతల పీడన నుండి డ్రాగన్ మొక్కల సంరక్షణ మార్గదర్శకాలు అవి. చలికాలంలో మొక్కకు నీళ్ళు తగ్గించవలెను. మొదలు చుట్టూ గడ్డి పరచవలెను. లేత కొనలు సుకుమారమైనవి గనుక సూర్యాస్తమయానికి ముందే ప్రతి మొక్కకూ ఉష్ణరక్షక ఆచ్ఛాదనం కప్పి, ఎండెక్కిన పిమ్మట తొలగించవలెను. మొక్క చెంత బల్బు వెలిగించవలెను. మొక్కతో ఆప్యాయంగా మెలగవలెను.

“ఆచ్ఛాదనమంటే?” అని అడిగింది పోశవ్వ.

“చెద్దరే” అంది సోంబాయి నెమ్మదిగా. పిల్లల వరస ఇంకా కదలలేదు. “సార్, పొద్దుగాల లేస్తే పిల్లలు సలికి గజగజ వణుకుతున్నరు.”

“వణకగలరు మేడం. తేడా అక్కడే ఉంది. వణికితే దేహంలో వేడి పుడుతుంది. మొక్క వణకలేదు. ఆ సౌకర్యం ప్రకృతి దానికి కల్పించలేదు. ప్రకృతి కల్పించని చోట మిషన్ కల్పిస్తుంది.”

“కొన్నన్న పిల్లలకియ్యుండ్రి సార్.”

“అది మళ్ళింపు అవుతుంది. పిల్లలది సంక్షేమం, మొక్కలది మిషన్. రెండింటి మధ్యా గోడ ఉంది.”

అరవై కంబళ్ళు మొక్కలకు పోగా మిగిలిన నూట నలభై కంబళ్ళూ మూటలు విప్పకుండానే స్టోరు గదిలోకి చేరాయి. దామోదర్ తలుపుకు తాళం వేసి, తాళానికి గుడ్డ చుట్టి, గుడ్డ మీద లక్క సీలు వేశాడు.

“ఇంక పుట్టని మొక్కలకు చెద్దర్లెందుకు సార్?”

“బిడ్డ పుట్టాక పొత్తిగుడ్డలు వెతుక్కుంటామా మేడం?” అని ఆయన లారీ ఎక్కాడు.

ఆ సాయంత్రం నుంచి పిల్లలకు కొత్త పని వచ్చింది. పొద్దు గుంకకముందే మొక్కలకు కంబళ్ళు కప్పి, జారిపోకుండా సుతిలితో కట్టి, బల్బులు వెలిగించి, లోపలికొచ్చి ఇద్దరికొక దుప్పటి చొప్పున కప్పుకుని పడుకోవాలి. మైదానం మాత్రం పెళ్ళివారిల్లులా వెలిగిపోయేది.

ఇంత చేసినా మొక్కలకు సుఖం దక్కలేదు. రాత్రంతా మంచు పీల్చిన ఉన్ని తెల్లారేసరికి తడిబట్టల మూటంత బరువెక్కేది. ఆ బరువుకు లేత కొనలు విరిగి, పసుపురంగు తిరిగి, మెత్తబడసాగాయి. సోంబాయి ఈ మాట ఫోనులో చెబితే దామోదర్, “ఆప్యాయత తగ్గి ఉంటుంది” అన్నాడు.

*

లింగుబాయికి జ్వరం తగిలింది. రెండు రోజులు పోశవ్వ పొయ్యి పక్కన పడుకోబెట్టుకుంది. మూడోనాటికి డొక్కలు ఎగరేయడం మొదలుపెట్టేసరికి, సోంబాయి ఆటో మాట్లాడుకుని పిల్లను ఒళ్ళో వేసుకుని పెద్దాసుపత్రికి పరుగెత్తింది. నిమ్ము చేరిందన్నారు. సూదులు పొడిచారు, ముక్కుకు గొట్టం పెట్టారు. గండం గడిచాక డాక్టరమ్మ మందులు చెప్పి, చివర్న, “అన్నిటికంటే ముఖ్యం, చలి తగలకుండా కప్పి ఉంచండి” అంది.

కబురందుకుని లింగుబాయి తల్లి అడ్డదారిన నడిచి వచ్చింది. బిడ్డ నుదురు తడిమి చూసి, తప్పు చేసినదానిలా అడిగింది. “మేడం, ఇంట్ల ఒక గొంగడున్నది. ముసలాయన కప్పుకుంటడు. పంపమంటే పంపుత.”

సోంబాయి, “వద్దక్కా” అంది. అని బయటికొచ్చి, ఆసుపత్రి గోడకు ఒరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. తిన్నగా బస్సెక్కి దామోదర్ ఆఫీసులో దిగింది.

ఆఫీసులో బల్ల మీద నమూనా డ్రాగన్ మొక్క కుండీలో ఉంది. దానికి ఎదురుగా కరెంటు హీటరు ఎర్రగా కాలుతోంది. దామోదర్ తల రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

“సార్, స్టోర్ రూం సీలు పగలగొడ్తున్న. మీకు చెప్పి పగలగొడ్దామని వచ్చిన. నా నౌకరి తీసేస్తే తీసేయుండ్రి.”

ఆయన తలెత్తలేదు. “నా కొంప మునిగింది మేడం.”

సంగతి ఏమిటంటే, శీతల సంరక్షణ రాష్ట్ర పర్యవేక్షక బృందం బయలుదేరింది. సంచాలకుడు కులశేఖర్ గారు స్వయంగా వస్తున్నారు. జిల్లాలో ఏ ఆవరణా చూడరట. రెండు వందల మొక్కలని రాసింది మోదుగుగూడ ఒక్కటే గనుక అక్కడికే వస్తారట. సోమవారం తెల్లవారుతూనే, మంచు ఉండగానే, ఆచ్ఛాదనం కప్పిన మొక్కలను లెక్కపెడతారట.

“భావి మొక్కలని చెప్పరాదుండ్రి” అంది సోంబాయి.

“పైకి రాసినప్పుడు ఆ ‘భావి’ అనే మాట పట్టలేదు మేడం. గడి చిన్నగ ఉండె.” భయం ముదిరేకొద్దీ దామోదర్ నోట సర్కారు భాష జారిపోయి అమ్మ భాష వచ్చేస్తోంది. “కట్టెలు పాతి చెద్దర్లు కప్పుదామంటే, ఆయన ముట్టి చూస్తడంట. పక్క జిల్లాల గట్లనే పట్టుకున్నడు. లోపల జీవమున్నది కావాలె. నూట నలభై జీవాలు నేనేడికెల్లి తెద్దు?”

ఆ మాట అన్నాక ఆయన ఆగాడు. సోంబాయి వైపు చూశాడు. హీటరు కుండీ వైపు ఎర్రగా చూస్తోంది.

“మీ పిల్లలు ఎంతమంది మేడం?”

అర్థమైన మరుక్షణం సోంబాయి కుర్చీ వెనక్కి తోసి లేచింది. “నా పిల్లలు నీకు మొక్కల్లెక్క కనవడ్తున్నరా? సిగ్గుండాలె!” విసవిసా గుమ్మం దాకా నడిచింది. అక్కడ ఆగిపోయింది. గుమ్మం అవతల చలిగాలి మొహాన కొట్టింది. ఒంటి మీద సూదులు పొడిపించుకుని నిద్రపోతున్న పిల్ల కళ్ళ ముందు కదిలింది. సీలు పగలగొడితే రేపు వేరే వార్డెను వస్తుంది, కంబళ్ళు మళ్ళీ లోపలికి పోతాయి. అది తనకు తెలుసు.

వెనక్కి తిరిగింది. “ఒక షరతు. ఒక్కసారి కప్పినంక చెద్దర్లు మళ్ళ ఇచ్చేది లేదు.”

“మొక్కల చెద్దర్లు మొక్కల దగ్గరే ఉంటయి మేడం” అన్నాడు దామోదర్ చేతులు జోడించి. “రూలే అది.”

*

ఆదివారం సాయంత్రం సోంబాయి పిల్లలందరినీ కూర్చోబెట్టి, రేపు పొద్దున ఏం చెయ్యాలో చెప్పింది. చిన్నపిల్లలు కేరింతలు కొట్టారు. నాటకం అనుకున్నారు. పదో తరగతి మారుబాయి మాత్రం లేచి నిలబడింది.

“మొక్కలమని ఎందుకు చెప్పాలె మేడం? పిల్లలమని చెప్తే ఇయ్యరా?”

“మూడేండ్ల సంది అదే చెప్తున్న బిడ్డా.”

మారుబాయి చిన్నపిల్లల వైపు తిరిగి, “ఎవ్వరు నవ్వద్దు. కదలద్దు. మొక్కలు నవ్వయి” అంది. ఆ గొంతులో ఉన్న కోపం చూసి పిల్లలు నిజంగానే కదలడం మానేశారు. సోంబాయి మాత్రం ఆ పిల్ల మొహంలోకి చూడలేకపోయింది.

లెక్కలో ఒకటి తగ్గింది. ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చిన లింగుబాయిని చలిలో నిలబెట్టే ప్రసక్తే లేదు. ఆ పిల్లను వంటగదిలో పొయ్యి పక్కన పడుకోబెట్టి, ఆ స్థానంలో పోశవ్వ కంబళి కప్పుకుంది. “ముప్పై ఏండ్ల సంది ఈడనే పాతుకపోయిన. నాకంటె మొక్క ఎవలున్నరు?” అంది.

సోమవారం తెల్లవారుజామున పొగమంచు చేతికి తగిలేంత దట్టంగా ఉంది. మైదానంలో అరవై స్తంభాలు, వాటి నడుమ వరసలుగా నూట నలభై ఎర్ర కంబళ్ళు. చిన్నవాళ్ళు ఇటుకల మీద నిలబడ్డారు.

జీపు వచ్చింది. సంచాలకుడు కులశేఖర్ గారు కోతిటోపీ, దాని మీద మఫ్లరు, దాని మీద శాలువ, చేతికి తొడుగులతో ముందు సీట్లో ఉన్నారు. వెనక ఒక శాస్త్రవేత్త ఉన్నాడు. పడుచువాడు, మెడలో ఉష్ణమాపకం వేలాడుతోంది. జీపు వరసల వెంట మెల్లగా నడుస్తుంటే సంచాలకుడు అద్దం దించకుండానే లెక్కపెట్టారు. రెండు వందలు వచ్చాయి. ఆయన మొహంలో సంతృప్తి, ఆ వెంటనే అనుమానం కనిపించాయి. ఈ దేశంలో లెక్క సరిపోవడమంటే ఎక్కడో ఏదో జరిగి ఉండాలి. దిగారు.

మొదట ఒక స్తంభం దగ్గర ఆగి కంబళి ఎత్తి ముట్టుకున్నారు. మొక్క చల్లగా, మెత్తగా, కుళ్ళిన దోసకాయలా చేతికి తగిలింది. “ఊఁ” అన్నారు. పక్కనున్న కంబళి పైన చెయ్యి వేశారు.

“వెచ్చగా ఉందే!”

శాస్త్రవేత్త ఉష్ణమాపకాన్ని కంబళి సందులోకి జొనిపి, తీసి చూసి, మళ్ళీ చూశాడు. “సర్, ముప్పై ఏడు డిగ్రీలు! బయట అయిదు. ఆచ్ఛాదనం అద్భుతంగా పనిచేస్తోంది.”

“మరి దీనికి పని చెయ్యలేదే?” సంచాలకుడు స్తంభాన్ని చూపించారు.

“అది బలహీన రకం సర్” అన్నాడు దామోదర్ తడుముకోకుండా. “ఇది స్థానిక వాతావరణానికి అలవాటుపడిన రకం.”

అలా నాలుగడుగులు వేశారో లేదో, ఒక కంబళి పెద్దగా తుమ్మింది.

సంచాలకుడు ఆ కంబళిని కిందినుంచి పైకి, ఈ పక్కనుంచి ఆ పక్కకి చూశారు. “మిగతావాటికంటే ఇది బాగా లావుగా ఉంది.”

“తల్లి మొక్క సర్. దీని చేతి మీదనే అన్నీ పెరిగినయి.”

“తుమ్మింది కదా?”

శాస్త్రవేత్త అప్పటికే రాసుకుంటున్నాడు. “కణజాలంలో వాయుపీడనం విడుదల కావడం సర్. వెచ్చని మొక్కకు చలిగాలి తగిలితే జరగవచ్చు. ఇంతవరకు ఎవరూ నమోదు చెయ్యలేదు.” అతని గొంతు వణికింది. చలికి కాదు, పేరు రాబోతున్నందుకు.

సంచాలకుడు ఇంకో వరసలోకి తిరిగి, ఇటుకల మీద ఉన్న ఒక చిన్న కంబళి ముందు వంగారు. అది మూడో తరగతి జైవంతి. కంబళి అంచు కొంచెం జారింది. వంగినవారు వంగినట్టే ఉండిపోయారు.

“దామోదర్, కళ్ళున్నాయి.”

“కణుపులు సర్. చెరుకుకు కన్నుండదా? గట్లనే.”

“చూస్తున్నాయి.”

“మొలకెత్తే ముందు కళ్ళు తెరుస్తయి సర్.”

సంచాలకుడి మనసులో ఏం జరిగిందో చెప్పడం కష్టం. బహుశా ఆయన తన రెండు వందలను, అందులోంచి నూట నలభై తీసివేస్తే పైకి రాయవలసిన కాగితాలను తలచుకుని ఉండవచ్చు. బహుశా, ఎంత సంచాలకుడైనా, ఎదురుగా ఎర్ర ఉన్నిలోంచి రెప్పవెయ్యకుండా చూస్తున్న ఆ రెండు కళ్ళను తలచుకుని ఉండవచ్చు. ఎవరికీ వినబడనంత మెల్లగా, “ఏ తరగతి?” అని అడిగారు.

“మూడు సార్” అంది మొక్క.

ఆయన నిటారుగా లేచి, గొంతు సవరించుకున్నారు. “రాసుకోండి. మూడో తరగతి రకం. మేలైనది.”

సోంబాయి పక్కనుంచి జీపు వైపు నడుస్తూ ఆయన ఒక్క క్షణం ఆగారు. “ఈ ఆచ్ఛాదనాలు వీటి మీదే ఉండనివ్వండి” అన్నారు. ఆ ‘వీటి’ అన్న మాట దగ్గర ఆయన గొంతు కొంచెం తడబడినట్టు సోంబాయికి అనిపించింది. మఫ్లరు అడ్డం ఉండటం వల్ల కూడా కావచ్చు.

*

నెల తిరక్కుండా నివేదిక వచ్చింది. బలహీన రకానికి చెందిన అరవై మొక్కలను వెంటనే పెరికివేయవలెను. స్థానిక రకానికి చెందిన నూట నలభైని కంటికి రెప్పలా కాపాడవలెను. ఆ విధంగా ఆవరణలో ఉన్న నిజమైన డ్రాగన్ మొక్కలన్నీ మిషన్ ఆదేశం మేరకే పోయాయి. వాటి బల్బులు పిల్లలు చదువుకునే గదులకు మారాయి.

ఆ తరువాత పోషకాలు వచ్చాయి. మొక్కలకు జీవామృతం కలపడానికని బెల్లం దిమ్మెలు, శనగపిండి బస్తాలు దిగాయి. ఏ మోతాదులో, ఎన్ని రోజులకోసారి ఇవ్వాలో కాగితం మీద ఉంది. పోశవ్వ మోతాదు తప్పలేదు. జీవామృతంలో ఆవుపేడ, ఆవుమూత్రం మాత్రం తన విచక్షణ కొద్దీ మానేసి, వాటి బదులు నెయ్యి వేసి ఉండలు చుట్టింది. వారం వారం ‘మొక్కల ఎదుగుదల సంతృప్తికరం’ అని సోంబాయి రాసి పంపేది. ఆమె జీవితంలో అంత నిజమైన నివేదికలు ఎప్పుడూ రాయలేదు. లింగుబాయి బుగ్గలు కూడా నిండాయి.

ఏప్రిల్‌లో మాత్రం చిక్కు వచ్చింది. ఇంత మేలైన రకం ఒక్కచోటే ఉండిపోకూడదని, ఒక్కో మొక్క నుంచి మూడేసి కొమ్మలు కత్తిరించి ఇతర జిల్లాలకు పంపాలని ఆదేశం వచ్చింది. కత్తెరలు పట్టుకుని నలుగురు మనుషులు దిగారు. మైదానం ఖాళీగా ఉంది.

“మొక్కలేవి?” అన్నారు వాళ్ళు.

“సెలవులకు ఊళ్ళకు పోయినయ్” అంది సోంబాయి. నోరు జారాక నాలుక కరుచుకుంది.

వచ్చినవాళ్ళలో పెద్దాయన ఆమెను, ఆమె వెనక తీగ మీద ఆరేసి ఉన్న ఎర్ర కంబళ్ళను చూశాడు. ఒక్కో కంబళి మూల ఒక్కో పేరు దారంతో కుట్టి ఉంది. ఆయన చాలాసేపు ఆ పేర్లు చదివాడు. తరువాత కత్తెర సంచిలో వేసుకున్నాడు.

“వేసవిలో సుప్తావస్థ అని రాస్తానమ్మా. మళ్ళీ చిగుర్లు ఎప్పుడు?”

“జూన్‌ల. బడి తెరిచిన్నాడు.”

*

మళ్ళీ చలి రాబోతుండగా సోంబాయికి జిల్లా కేంద్రం నుంచి పిలుపు వచ్చింది. రాష్ట్రంలో నూటికి నూరు శాతం మొక్కలు బతికిన ఏకైక ఆవరణకు బాధ్యురాలు గనుక, జిల్లాలోని హాస్టల్ వార్డెన్లందరికీ ఆమె శిక్షణ ఇవ్వాలట. ‘శీతల పీడన నుండి డ్రాగన్ సంరక్షణ: మోదుగుగూడ విధానం’ అని వేదిక మీద గుడ్డ కట్టారు. దామోదర్‌కు ఈ మధ్యలో పదోన్నతి వచ్చి జిల్లా డ్రాగన్ అధికారి అయ్యాడు. ఆయన భాష మళ్ళీ ఉన్నతస్థాయికి చేరింది. “మొక్క అనేది కేవలం మొక్క కాదు, ఒక దృక్పథం” అని అరగంట మాట్లాడి, పై సమావేశం ఉందని వెళ్ళిపోయాడు.

హాల్లో వార్డెన్లు మిగిలారు. గుట్టల మీద హాస్టళ్ళవాళ్ళు, వాగు అవతలివాళ్ళు, ఒకాయన తడిసిన చెప్పులతో వచ్చాడు. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. సోంబాయి మైకు ముందు నిలబడింది. బల్ల మీద కాగితం ఉంది; అందులో గడ్డి పరచడం, నీళ్ళు తగ్గించడం, కొనలు కప్పడం వరసగా ఉన్నాయి. అది చదవబోయి ఆగిపోయింది.

“మీరే అడుగుండ్రి” అంది.

వెనక బెంచీలోంచి ఒక వార్డెనమ్మ లేచింది. కొత్తగా ఉద్యోగంలో చేరినట్టుంది, కొంగు చేతుల్లో నలుపుకుంటోంది.

“మేడం, మా దగ్గర మొక్కలు రెండు వందల పదహారు. అండ్ల ఇరవై మరీ చిన్నయి. ఒకటో తరగతి…” అని ఆగి, చుట్టూ చూసి, సర్దుకుంది. “ఒకటో తరగతి రకం. వాటికి చిన్న సైజు చెద్దర్లు రాయాల్నా?”

హాల్లో అందరూ పెన్నులు పట్టుకుని సోంబాయి వైపు చూశారు.

“వద్దు చెల్లె” అంది సోంబాయి. “అన్నీ పెద్దయే రాయి. మొక్కలు ఎదుగుతయి.”